అమ్మ కొలతలిచ్చిన ఆటపెట్టె

మొన్న వేసవిలో కాకినాడ వెళ్ళినప్పుడు అక్క మనవడు నన్ను అక్కడి మాల్ పై అంతస్తుకి లాక్కుపోయాడు. హాలంతా ఆటల మిషన్లే. కారు నడిపేవి, తుపాకీ పట్టుకునేవి, వాటి మోత, పిల్లల కేకలు. నా ఈడు వాళ్ళం గోడవారన కుర్చీల్లో సంచులూ చెప్పులూ కాపలా కాస్తూ కూర్చున్నాం. అన్నిటికీ వెనక, ఎవరూ ఆడని మూల, పాతకాలపు మిషన్ ఒకటి ఉంది. బీరువాలా నిటారుగా, పైన తెర, తెర కింద ఏటవాలు పలక, పలక మీద ఒక పిడి, పక్కన ఒక మీట. నేను లేచి దాని దగ్గరికి వెళ్ళాను. ఆడడానికి కాదు. నా చెయ్యి తిన్నగా దాని పక్క చెక్కా ముందు పలకా కలిసే మూలకి వెళ్ళి అతుకు ఎలా వేశారో తడిమి చూసింది. మనవడు వచ్చి, చిన్నమ్మమ్మా నీ చిన్నప్పుడు ఇలాంటివి ఉండేవా అని అడిగాడు. మా ఇంట్లోనే ఉండేదిరా, మేమే చేసుకున్నాం అన్నాను. వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు. రాజోలు అవతల గోదారి గట్టు పక్కన తాటాకింట్లో ఆటల మిషన్ ఉండేదంటే మన ఈడు వాళ్ళే నమ్మరు.

అమ్మ మస్కట్ వెళ్ళేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, అక్కకి పన్నెండు. నాన్న గోదారి దాటించే పంటు మీద పనిచేసేవాడు. ఇప్పుడు వంతెనలు వచ్చాయి గాని, అప్పట్లో మనుషులూ ఎడ్లబళ్ళూ కొబ్బరికాయల లోడు లారీలూ అన్నీ ఆ పంటు ఎక్కే వశిష్ఠ పాయ దాటేవి. ఆ జీతంతో ఇల్లు గడిచేది గాని గోడలు లేచేవి కావు, అక్కని పంతులమ్మని చేయాలన్న అమ్మ పట్టుదల నెరవేరేది కాదు. అందుకని మా పేటలో ముగ్గురు ఆడవాళ్ళు ఇంటిపనికి అరబ్బుల ఇళ్ళకి బయలుదేరితే అమ్మ నాలుగోది అయింది. మమ్మల్ని నాయనమ్మ పెంచింది. అమ్మ రాసిన ఉత్తరం మాకు చేరడానికి ఇరవై రోజులు, మా జవాబు ఆమెకి చేరడానికి మరో ఇరవై. ముందు పళ్ళు ఊడిపోయాయని నేను రాస్తే, కొత్తపళ్ళు వచ్చాక జాగ్రత్తలు చెబుతూ జవాబు వచ్చేది. ప్రతి ఉత్తరం నేనే మొదలుపెట్టేదాన్ని, దస్తూరి బాగుంటుందని. 'ప్రియమైన అమ్మకు' అని పైన రాసి కింద గీత గీసేదాన్ని. అలా నాలుగేళ్ళు రాశాను. ఈలోగా ముందు ఆమె గొంతు మరిచిపోయాను, తర్వాత నడక. చివరికి గోడమీది పెళ్ళిఫొటోలో ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్లే అమ్మ అని స్థిరపడిపోయాను.

అందువల్ల, నాలుగేళ్ళ తర్వాత రెండు నెలల సెలవు మీద ఒకావిడ రాజోలు నుంచి జట్కాలో వచ్చి మా గుమ్మం ముందు దిగినప్పుడు, నాకు ఏమీ అనిపించలేదు. దీన్ని మరోలా చెప్పడం నాకు చేతకాదు. ఆవిడ ఫొటోలో పిల్లకంటే లావుగా, తెల్లగా ఉంది, ఏదో కొత్త సబ్బు వాసన. అక్క పరుగెత్తుకెళ్ళి మెడ కావలించుకుని ఏడ్చింది, నాయనమ్మ ఏడ్చింది, చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు అమ్మలక్కలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో నన్ను వెనకనుంచి తోశారు. ఆవిడ నా మొహం రెండు చేతుల మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. నేను నిలబడ్డాను. ఎవరింట్లోనో పెట్టిన పీట మీద కూర్చున్నట్టు, ఎప్పుడు లేవమంటారా అన్నట్టు నిలబడ్డాను. పెట్టెలోంచి నాకోసం తెచ్చిన గౌన్లు తీసింది. ఆరు గౌన్లు, అన్నీ ఎనిమిదేళ్ళ పిల్లకి సరిపోయేవి. ఒక్కటీ నా భుజాలు దాటలేదు. వాటిని మర్నాడు ఎదురింటి పిల్లకి ఇచ్చేశారు.

ఆ పెట్టెలోనే, తువ్వాళ్ళలో చుట్టి, ఒక ఆట ఉంది. టీవీకి తగిలించుకుని ఆడే నల్లటి డబ్బా, దానికి వైరుతో వేలాడే పిడి. ఆమె పనిచేసిన ఇంటి పిల్లలు దానితో విసుగెత్తి పారేయబోతుంటే అడిగి తెచ్చుకుందిట. వాళ్ళకి అంతకంటే పెద్దది, నిలబడి ఆడేది, వసారాలో ఉందిట. దాన్ని గురించి అమ్మ చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. అది ఎలా ఆడతారో ఆమె చెప్పలేదు, ఎలా తుడవాలో చెప్పింది. రోజూ పొద్దున్నే పిల్లలు లేవకముందు తడిగుడ్డతో పైనుంచి కిందకి, తెరకి మాత్రం పొడిగుడ్డ, పిడి మొదట్లో దుమ్ము చేరుతుంది కనుక అగ్గిపుల్లతో. నాలుగేళ్ళు తుడిచింది. ఒక్కనాడూ ఆడలేదు. ఆడవచ్చని కూడా ఆమెకి తోచలేదుట. అలాంటిదే మనం చేసుకుందాం, మన పిల్లలూ నిలబడి ఆడతారు, అంది.

నాన్న ఆమెకేసీ డబ్బాకేసీ మార్చి మార్చి చూసి, ముందు టీవీ ఉండాలి కదా అన్నాడు. మా పేటలో అప్పటికి టీవీ లేదు. రాజోల్లో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర ఎవరో వదిలేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి ఉందని తెలిసి, అమ్మ తాను తెచ్చుకున్న టూ-ఇన్-వన్ టేపురికార్డరు ఆయనకిచ్చి ఆ టీవీ తీసుకుంది. నాయనమ్మ దీనికి వారం రోజులు బాధపడింది. అందులో క్రైస్తవ కీర్తనలు వినొచ్చని ఆవిడ ఆశ. ఈ ఆట పెట్టెలో కీర్తనలు వస్తాయా అని రోజుకోసారి అడిగేది.

నాన్నకి పంటు మీద ఒకరోజు పని, ఒకరోజు సెలవు. సెలవురోజున పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య పని మొదలయ్యేది. పంటు మీద బళ్ళు ఎక్కే చోట అరిగిపోయిన చెక్కలు మార్చినప్పుడు పాతవి పనివాళ్ళకి వదిలేసేవారు, వాటితో చట్రం. తారు వాసన కొట్టేవి, మేకు దిగేది కాదు. పక్కలకీ ముందుకీ టీ పెట్టెల ప్లైవుడ్డు, కిరాణాకొట్టు నుంచి తెచ్చాం. నాన్న వడ్రంగి కాదు. కాని నీటి మీద పనిచేసేవాడికి చెక్కా తాడూ మేకూ తెలుస్తాయి. నావంతు ఉప్పుకాగితం పెట్టి చెక్కలు నున్నగా రుద్దడం, అక్కవంతు రంగులు. నాయనమ్మ వంగిన మేకులు రాయిమీద పెట్టి సాపుచేసేది, ఆట మీద కోపం ఉన్నా.

ఆకారం ఎలా ఉండాలో తెలిసింది అమ్మ ఒక్కదానికే. ఆమె దగ్గర బొమ్మ లేదు, కొలతలు లేవు. పెరడు మధ్య నిలబడి కళ్ళు మూసుకుని, చేతిలో గుడ్డ ఉన్నట్టుగా గాలిలో తుడవడం మొదలుపెట్టేది. చేతులు పైన ఇంత వెడల్పుకి వెళ్ళేవి, కిందకి దిగి ఒకచోట లోపలికి వంగేవి, మళ్ళీ ముందుకి జారేవి. నాన్న పేము బెత్తం పట్టుకుని ఆమె రెండు అరచేతుల మధ్య దూరం కొలిచి గాటు పెట్టేవాడు. కదలకు అనేవాడు. ఆమె కదిలేది కాదు. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడడం నేను చూసింది అప్పుడే. అక్క నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది. నేను ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉండేదాన్ని.

చెయ్యిపెట్టే పలక ఎంత ఎత్తున ఉండాలన్నప్పుడు మాత్రం ఆమె చేతులు గాలిలో ఆగిపోయాయి. అక్కడ ఇంత ఉండేది అని నడుం కింద చూపించి, తర్వాత నాకేసి చూసి, కాదంది. నన్ను పిలిచి నిలబెట్టిన చట్రానికి ఆనించి నించోమంది. తలమీద అరచెయ్యి పెట్టి పెన్సిలుతో ఒక గీత, మోచెయ్యి దగ్గర ఒక గీత గీసింది. గీతలు గీసేశాక కూడా ఆ చెయ్యి నా తలమీదనుంచి వెంటనే తియ్యలేదు. చెయ్యి గరుకుగా ఉంది, వేళ్ళ చివర తోలు లేచింది. అక్కడ నేల కడిగే మందువల్లనని తర్వాత అక్క చెప్పింది. గీతలయ్యాయి కదా అని నేను పక్కకి తప్పుకున్నాను.

అంతా బిగించి టీవీ లోపల పెట్టబోతే అంగుళం తేడాతో పట్టలేదు. మూడు సెలవురోజుల పని. నాన్న చెమట తుడుచుకుని, నాలుగేళ్ళు తుడిచినదానివి, అంగుళం తేడా ఎలా వచ్చిందే అన్నాడు, వేళాకోళంగానే. ఆమె నవ్వలేదు.

"నేను బయటే తుడిచేనండి," అంది. "లోపలెలా ఉంటాదో నాకేం తెలుసండి."

నాన్న రంపం తీసి వెనకచెక్క కోసేశాడు.

రాజోలాయన సైకిలు మీద వచ్చి వైర్లు కలిపాడు. డబ్బా తాలూకు పిడి పొట్టిగా ఉండి పలక పైకి రాలేదు. నాన్న దాని కొసకి వెదురుముక్క తొడిగి, పైన బొంగరం ఒకటి తిరగేసి బిగించాడు. చేతికి గుండ్రంగా బాగా అందేది. అక్క పడవలకి వేసే నీలంరంగు వేసి, పక్కలకి క్రిస్మసు నక్షత్రాలు దించింది. వాటి తోకలు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ తిరిగాయి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. దేవుడు ఈ కుటుంబాన్ని ఒకచోట చేర్చిన ఈ పనిని దీవించమని కోరుకున్నారు. మీట నొక్కితే కాసేపు తెరంతా ఇసుక రాలినట్టు కనబడి, తర్వాత బొమ్మ వచ్చింది. పైనుంచి ఏవో పురుగుల్లాంటివి దిగుతుంటే కిందనుంచి మన బండి వాటిని కాల్చాలి, అంతే ఆట. పేటంతా వాకిట్లో వరస కట్టింది. పాస్టరుగారు మొదట ఆడి అర నిమిషంలో ఓడిపోయి, వెళ్ళి వరస చివర నిలబడ్డారు. నాయనమ్మ కీర్తనల సంగతి ఆరోజు ఎత్తలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఆడాను, బాగానే ఆడాను, నాకు త్వరగా పట్టుబడింది. సంతోషంగా ఉన్నట్టే కనిపించి ఉంటాను.

రెండురోజుల తర్వాత, జనం పల్చబడ్డాక, ఒక మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళమే ఉన్నాం. అమ్మ కొంగుతో ఆ పెట్టెని తుడుస్తోంది, పైనుంచి కిందకి, తెరకి వేరే గుడ్డ. అక్క ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కుని, నువ్వింతవరకూ ఆడలేదు, ఇవాళ ఆడాల్సిందేనంది. ఆమె వద్దంటూనే నిలబడింది. పిడి ఎలా పట్టుకోవాలో తెలియలేదు. పగిలిపోతుందేమోనన్నట్టు రెండువేళ్ళతో పట్టుకుంది. అక్క నన్ను నేర్పమంది. నేను పక్కన నిలబడి ఆమె చేతిమీద చెయ్యి వేసి ఇటు అటు తిప్పాను. మెల్లగా పట్టు చిక్కింది. ఒకటి పేలింది, రెండు పేలాయి. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నాకు ఎక్కడో తెలుసు అనిపించింది. నాలుగేళ్ళలో మరిచిపోయినదాంట్లోంచి ఒక ముక్క పైకి తేలుతున్నట్టుంది. సరిగ్గా అప్పుడే, తెరమీంచి చూపు తిప్పకుండా, చూడు చూడు అంటూ ఆమె నన్ను ఒక పేరు పెట్టి పిలిచింది.

అది నా పేరు కాదు. మస్కట్లో ఆమె పనిచేసిన ఇంటి చిన్నపిల్ల పేరు. నాలుగేళ్ళూ పొద్దున్నే లేపి, జడలేసి, అన్నం తినిపించిన పిల్ల పేరు. ఆమె ఉత్తరాల్లో ఒకటి రెండుసార్లు చదివాను. ఇక్కడ రాయను.

అక్క నవ్వు ఆగిపోయింది. అమ్మకి ముందు తెలియలేదు. ఇంకా రెండు పేల్చింది. తర్వాత తెలిసి, పిడి వదిలేసింది. తెరమీద బండి ఆగినచోటే ఆగి దెబ్బ తగిలి పోయింది. ఎవరో ఒకరు ఏదో అనాలి. నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. చెవుల్లో నీళ్ళు పోయినప్పుడు మాటలు దూరంగా వినిపించినట్టుంది.

"ఇంకోసారి ఆడండి," అన్నాను.

మా వైపు అందరినీ అండీ అనే అంటాం, బస్సు కండక్టరునీ పాలవాడినీ కూడా. కన్నతల్లిని మాత్రం మా ఇళ్ళల్లో అలా అనరు. నేను కావాలని అన్నది కాదు. అప్పటిదాకా ఆమెని ఏ పేరుతోనూ పిలవకుండా, నువ్వనీ మీరనీ రాకుండా మాటలు కూర్చుకుంటూ నెట్టుకొస్తున్నాను, ఆ నిమిషాన జాగ్రత్త తప్పింది. ఆమె విన్నది. అక్క విన్నది. అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఎసరు చూసుకుంది.

సెలవు ఇంకా పదిరోజులుందనగా నాన్న ఆమెతో, ఉండిపోవాలనుంటే ఉండిపో, ఎలాగో నెట్టుకొద్దాం అన్నాడని నాకు అక్క చెప్పింది. కొత్తింటి గోడలు సగమే లేచాయి, అక్క చదువు ఇంకా ముందుంది. అయినా అన్నాడు. దానికి అమ్మ, చిన్నదాన్ని అడిగి చెబుతానందిట. అడిగింది కూడా. నూతిదగ్గర నేను కాళ్ళు కడుక్కుంటున్నాను. చేద పక్కన పెట్టి నా ముందు నిలబడింది.

"నన్నుండిపొమ్మంటావా?" అంది.

నేను ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం. కాని లోపల వెతికితే ఔననడానికీ కాదనడానికీ ఏదీ చేతికి తగల్లేదు.

"మీ ఇష్టమండి," అన్నాను.

ఆమె నాకేసి చూసి, "ఆయ్," అంది. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే ఒప్పుకున్నట్టు అంతే మర్యాదగా అంది. చేద తీసుకుని నూతిలోకి దించింది.

ఆమె వెళ్ళే రోజు పొద్దున్న నేను పెట్టె ముందు నిలబడి ఆడుతున్నాను. వాకిట్లోకి జట్కా వచ్చింది, సామాను ఎక్కించారు, అక్క ఏడుస్తోంది, ప్రార్థన కూడా అయింది. అందరూ నన్ను పిలుస్తున్నారు. ఆట మధ్యలో ఉంది, ఎప్పుడూ చేరనంత పైకి చేరాను. ఆమె వచ్చి నా వెనక నిలబడింది. తెర అద్దంలో కనిపిస్తోంది, భుజం దగ్గర చీర అంచు, దానిమీదుగా పురుగులు దిగుతున్నాయి. ఆట అవుతుందేమోనని ఆమె కాసేపు చూసింది. నేను ఓడిపోతే ఆగాలి. ఓడిపోలేదు.

"ఆడుకో అమ్మా," అంది. "మజ్జిలో లెగవకు." విస్తరి ముందు కూర్చున్నవాళ్ళతో అన్నట్టే అంది.

జట్కా కదిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కూడా చాలాసేపు ఆడాను.

ఆ వానాకాలంలో టీవీలో బొమ్మ ముందు కుదించుకుపోయి, ఒకరోజు తెర నల్లగా అయిపోయింది. రాజోలాయన చూసి లాభం లేదన్నాడు. ప్లైవుడ్డు చెమ్మకి ఉబ్బింది. నాన్న చట్రం చెక్కలు విప్పి కొత్తింటి కిటికీలకి కొంత వాడాడు, తక్కినవి వంటచెరుకు అయ్యాయి. నేను మళ్ళీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. 'ప్రియమైన అమ్మకు' అని పైన రాసి గీత గీయడంలో నాకేమీ ఇబ్బంది కలగలేదు. కాగితం మీద ఆ మాట ఎప్పుడూ సులువుగానే వచ్చేది.

ఆమె ఇంకో ఎనిమిదేళ్ళు అక్కడ చేసింది. గోడలు లేచి పెంకు పడింది, అక్క పంతులమ్మ అయింది, నేనూ అయ్యాను. నా ఎనిమిదో ఏడు తర్వాత ఆమెని నేను మళ్ళీ నోటితో అమ్మా అని పిలిచింది నా పెళ్ళిచూపులనాడు, వచ్చినవాళ్ళ ముందు పిలవకపోతే బాగుండదని. ఆమె చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. ఎవరినో అన్నట్టు ఒక్క క్షణం ఆగి, తర్వాత ఇటు తిరిగింది. ఆ తర్వాత అలవాటైంది. చివరి ఆరేళ్ళూ అమలాపురంలో నా దగ్గరే ఉంది, నా చేతుల్లోనే పోయింది. మా మధ్య ఏ పొరపొచ్చాలూ లేవు. ఆ నూతిదగ్గర మాట గురించి మాత్రం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉండిపొమ్మని ఉంటే అక్క ఉద్యోగం, నా చదువు, ఆ ఇల్లు ఏమయ్యేవో నేను లెక్కవేసి చూసుకున్నాను, చాలాసార్లే. ఒప్పుకోదగ్గ జవాబు ఏదీ రాదు.

ఇప్పుడు మా వీధిలో ఇద్దరు ఆడపిల్లల తల్లులు గల్ఫులో ఉన్నారు. పక్కింటి చిన్నది సాయంత్రం మా అరుగుమీదే కూర్చుని ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతుంది. ఆవిడ అక్కడ కూర తరుగుతూ కనిపిస్తుంది, ఇది ఇక్కడ జడ వదులైందని తిప్పి చూపిస్తుంది. గొంతు మరిచిపోవడం, నడక మరిచిపోవడం ఈ కాలం పిల్లలకి తెలియదు. నేను ఏళ్ళ తరబడి కష్టపడి తప్పించుకున్న పిలుపు ఇది నిమిషానికి నాలుగుసార్లు పిలుస్తుంది. ఎప్పుడొస్తావు, రేపొచ్చెయ్యి అని నోరారా అడుగుతుంది. ఆవిడ నవ్వుతుంది, వస్తానమ్మా అంటుంది, తరుగుతున్న కూర పక్కకి జరిపి కళ్ళు తుడుచుకుంటుంది. ఫోను ఆపేశాక ఈ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటుంది. అడగడం సులువైంది. రావడం మాత్రం అప్పటిలాగే, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి.